పీత గీసిన గీత

తెల్లవారుజామున తార్నాక వైపు నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలోకి వెళితే, నడకకు వచ్చినవారి పక్కగా ‘ఎల్’ అక్షరం అతికించిన కారు మెల్లగా పోతూ కనిపించవచ్చు. అది డ్రైవింగ్ స్కూలు కారైతే నేర్పేవాడి కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాడు తప్పు చేయక మానడు, ఆ తప్పుకు ప్రాణం మూల్యం కాకూడదు అన్న ఎరుకే ఆ రెండో బ్రేకు. పూర్వం గరిడీలో కుర్రవాడి చేతికి కత్తి కంటే ముందు కర్ర ఇచ్చిందీ ఇందుకే. సైన్యాలు నేడు కోట్లు వెచ్చించి కొంటున్న సిమ్యులేటర్లు, అంటే అసలు విమానాన్నో ఆయుధాన్నో అనుకరించే శిక్షణ యంత్రాలు, ఆ కర్రకూ ఈ బ్రేకుకూ వారసులు. ఈ యంత్రాల వ్యాపారం ఏటేటా పెరుగుతోంది, అందులో హైదరాబాద్‌కు గట్టి వాటా ఉంది. సిమ్యులేటర్ విలువ అది చూపించే బొమ్మలో లేదు, అది పట్టిచ్చే తప్పులో ఉంది. ఆ విలువ నిజంగా దక్కుతోందా లేదా అని తూచే పనిని అమ్మేవారికీ కొనేవారికీ మాత్రమే వదిలేయకుండా విశ్వవిద్యాలయాలు భుజాన వేసుకోవాలి. ఈ యంత్రం జీవితకథ చెప్పే పాఠం ఇదేనని నా వాదన.

ఆ కథ మొదలైంది సంగీత వాద్యాల కార్ఖానాలో. అమెరికాలోని బింగ్‌హామ్‌టన్ ఊళ్ళో ఎడ్విన్ లింక్ తండ్రి పియానోలు, ఆర్గన్లు తయారుచేసేవాడు. మన హార్మోనియంలోలాగే ఆర్గన్‌లోనూ తిత్తులుంటాయి, గాలితో పనిచేస్తాయి. విమానం నడపాలన్న మోజు, దాని పాఠాలకయ్యే ఖర్చు రెండూ తెలిసిన లింక్, ఆ తిత్తుల మీద పొట్టి రెక్కల చెక్క విమానాన్ని నిలబెట్టాడు. లోపల కూర్చున్నవాడు కర్రను ఎటు వంచితే, ఆ వైపు తిత్తుల్లో గాలి మారి బొమ్మ విమానం అటు ఒరుగుతుంది, లేస్తుంది, తిరుగుతుంది. 1929లో పేటెంటుకు దరఖాస్తు చేసినా సైన్యం పట్టించుకోలేదు, మొదట కొన్నది వినోదశాలలు. 1934లో అమెరికాలో టపా మోసే పని అకస్మాత్తుగా సైనిక పైలట్ల మీద పడింది. మబ్బులో, మంచులో కేవలం మీటర్లు చూసి విమానం నడపడం వారిలో చాలామందికి అలవాటు లేదు. కొద్ది వారాల్లోనే డజను మంది చనిపోయారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, సైన్యం అప్పుడు ఒక్కొక్కటి 3,500 డాలర్ల చొప్పున ఆరు యంత్రాలు కొన్నది. రెండో ప్రపంచయుద్ధం ముగిసేసరికి వాటి సంఖ్య 10,000 దాటింది. సుమారు 5 లక్షల మంది వాటిలో కూర్చుని విద్య నేర్చారు.

ఆ యంత్రంలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకునేది విమానం కాదు, దాని పక్కనున్న బల్ల. ఆ బల్ల మీద పటం పరిచి ఉంటుంది. పటం మీద మూడు చక్రాల చిన్న పరికరం పాకుతుంది. దాన్ని ‘పీత’ అనేవారు. రెండు చక్రాలను మోటార్లు నడుపుతాయి, మూడో చక్రం సిరా పూసుకుని గీత గీస్తూ పోతుంది. పెట్టె మూత వేసుకుని లోపల కూర్చున్న శిష్యుడు తిన్నగా పోతున్నాననుకుంటాడు. పీత మాత్రం అతను ఎక్కడ దారి తప్పాడో, ఎంతసేపటికి తేరుకున్నాడో కాగితం మీద పెడుతుంది. మూత తీశాక గురువు ఆ కాగితం చూపిస్తే వాదనకు తావుండదు. నిజమైన ఆకాశంలో అలాంటి గీత మిగలదు, పైలట్ తిరిగి రాకపోతే చెప్పే నోరూ మిగలదు. లింక్ యంత్రం కళ్ళకు చూపించిన ఆకాశం దాదాపు శూన్యం. దాని బలమంతా ఆ సిరా గీతలో ఉంది.

తరువాతి మలుపు విశ్వవిద్యాలయంలో వచ్చింది. రకరకాల విమానాల గుణాలను అనుకరించగల యంత్రం కావాలని 1944లో అమెరికా నౌకాదళం ఎంఐటీని కోరింది. అక్కడి జే ఫారెస్టర్ బృందం దానికి గణితం వేసి చూసేసరికి, తిత్తులతోనూ పళ్ళ చక్రాలతోనూ అయ్యే పని కాదని తేలింది. వారు డిజిటల్ దారి పట్టారు. అలా పుట్టిన వర్ల్‌విండ్ అనే కంప్యూటర్ విమాన సిమ్యులేటర్‌గా మారనే లేదు గానీ, అడిగిన క్షణంలోనే జవాబు చెప్పే కంప్యూటర్లకు దారి తీసింది. 1980లలో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ దర్పా చేపట్టిన సిమ్‌నెట్ వేర్వేరు ఊళ్ళలోని ట్యాంకు సిమ్యులేటర్లను ఒకే తెర యుద్ధంలో కలిపింది. ఒక్కడు తన తప్పు తాను చూసుకునే దశ నుంచి, దళమంతా కలిసి తన తప్పును వెనక్కి తిప్పి చూసుకునే దశకు యంత్రం ఎదిగింది.

మన నగరంలో ఈ కథకు చాలా చిరునామాలున్నాయి. పౌర విమానాల పైలట్లకు సిమ్యులేటర్లలో శిక్షణ ఇచ్చే కేంద్రం ఇండియన్ ఎయిర్‌లైన్స్ కాలం నుంచీ ఇక్కడ ఉంది. సైన్యానికి సిమ్యులేటర్లు రూపొందించే విభాగం సికింద్రాబాద్‌లో ఉంది, వాయుసేన అకాడమీ దుండిగల్‌లో ఉంది. 1993లో మొదలైన జెన్ టెక్నాలజీస్ సనత్‌నగర్ కేంద్రంగా తుపాకీ గురి నుంచి ట్యాంకు నడపడం దాకా నేర్పే యంత్రాలు తయారుచేస్తోంది. 2021 సెప్టెంబరులో రక్షణ మంత్రిత్వ శాఖ సాయుధ దళాల్లో సిమ్యులేటర్ల వాడకం పెంచడానికి ఒక విధాన చట్రం ప్రకటించింది. 2021-22లో 70 కోట్ల రూపాయల దగ్గరున్న జెన్ ఆదాయం 2023-24లో 430 కోట్లు, మరుసటి ఏడాది 900 కోట్లు దాటింది. అందులో డ్రోన్లను అడ్డుకునే వ్యవస్థల వాటా కూడా కలిసి ఉంది. ఏమైనా గాలి ఎటు వీస్తోందో ఆ అంకెలు చెబుతున్నాయి. తూటా, డీజిలు, ఇంజను గంట అన్నిటి ధరా పెరిగింది. నగరాల చుట్టూ ఫైరింగ్ రేంజీలకు ఖాళీ నేల తగ్గింది. ప్రాణం ఖరీదు సరేసరి. 2023 డిసెంబరు 4న దుండిగల్ నుంచి బయలుదేరిన శిక్షణ విమానం మెదక్ జిల్లా తూప్రాన్ దగ్గర కూలి గురువు, శిష్యుడు ఇద్దరూ మరణించారు. నేర్చుకోవడమే ప్రాణాంతకమయ్యే వృత్తులున్నాయని ఆ ఉదయం మనకు గుర్తుచేసింది.

ఇక ఈ యంత్రం చేసే మేలును దగ్గరగా చూద్దాం. తుపాకీ గొట్టం ఒక డిగ్రీలో పదో వంతు పక్కకు జరిగితే చాలు, 300 మీటర్ల దూరంలో తూటా అర మీటరు తప్పుతుంది. రేంజిలో జవాను కాల్చాక అట్టకు పడ్డ చిల్లును చూస్తాడు. చిల్లు ఫలితం చెబుతుంది, కారణం చెప్పదు. ఊపిరి బిగబట్టడంలో తేడానా, ట్రిగ్గర్‌ను నొక్కకుండా లాగేశాడా, శబ్దానికి ముందే భుజం బెదిరిందా? సిమ్యులేటర్‌లో తూటా బదులు లేజర్ కిరణం, మందుగుండు తోపు బదులు వాయువు తోపు ఉంటాయి. ట్రిగ్గర్ కదలకముందు, కదులుతుండగా, కదిలాక గురి ఎలా తిరిగిందో తెర మీద గీతగా వస్తుంది. లింక్ బల్ల మీది పీత మళ్ళీ ప్రత్యక్షమైంది, సిరాకు బదులు వెలుగుతో గీస్తోంది. చివరి క్షణంలో గీత కిందికి కుంగితే, అది లాగిన వేలి తప్పు. నూరు తూటాలు కాల్చినా తెలియనిది పది నిమిషాల్లో తెలుస్తుంది.

ఇందుకు వచ్చే మొదటి ఆక్షేపణ న్యాయమైనదే. తెర మీద చావు లేదు కనుక భయమూ ఉండదు, భయం లేని శిక్షణ యుద్ధానికి పనికొస్తుందా అంటారు. పూర్తిగా పనికిరాదు. అందుకే సిమ్యులేటర్ రేంజినీ ఆకాశాన్నీ రద్దు చేయకూడదు, వాటికి మనిషిని సిద్ధం చేయాలి. ఎంత మేరకు అన్నది లెక్కకు అందే విషయమే. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో విమాన మనస్తత్వశాస్త్రం మీద పనిచేసిన స్టాన్లీ రాస్కో 1971లో ఒక తేలిక కొలత ఇచ్చాడు. ఒక విద్య రావడానికి మామూలుగా పది గంటలు ఎగరాలనుకుందాం. ముందు నాలుగు గంటలు సిమ్యులేటర్‌లో గడిపినవారికి ఎనిమిది గంటలు చాలితే, నాలుగు గంటల యంత్రం రెండు గంటల ఆకాశాన్ని ఆదా చేసింది, కొలత అర. యంత్రం గంటకయ్యే ఖర్చు విమానం గంటలో పదో వంతయితే అదీ లాభమే. అయితే మొదటి గంట ఆదా చేసినంత పదిహేనో గంట ఆదా చేయదని కూడా రాస్కో చూపించాడు. ఎక్కడ ఆపి అసలు తుపాకీ ఇవ్వాలో ఆ లెక్కే చెబుతుంది.

రెండో ఆక్షేపణ ఇంకా బరువైనది. తప్పుడు యంత్రం తప్పునే అలవాటు చేస్తే? ఇది జరిగింది. 2001 నవంబరు 12న న్యూయార్క్‌లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ విమానం కూలి 265 మంది చనిపోయారు. పైలట్ చుక్కానిని అవసరానికి మించి అటూ ఇటూ తొక్కడం వల్ల తోక ఊడిపోయింది. ఆ సంస్థ శిక్షణలోని ఒక సిమ్యులేటర్ పాఠం అలా తొక్కడాన్ని ప్రోత్సహించి ఉండవచ్చని దర్యాప్తు సంస్థ చెప్పింది. 346 ప్రాణాలు తీసిన బోయింగ్ 737 మ్యాక్స్ రెండు ప్రమాదాల తరువాత, కొన్ని పరిస్థితులను తమ సిమ్యులేటర్ సాఫ్ట్‌వేర్ సరిగా చూపలేకపోయిందని 2019 మేలో ఆ కంపెనీయే ఒప్పుకొన్నది. కాబట్టి బొమ్మ ఎంత నిజంగా ఉందన్న ప్రశ్న చాలదు. పట్టుకున్న చేతికి యంత్రం ఏ అలవాటు అంటిస్తోందో చూడాలి. అమ్మేవాడికి బొమ్మ అందంగా ఉంటే చాలు. కొనేవాడికి టెండరు షరతులు తీరితే చాలు. నేర్చుకున్నవాడు ఆరు నెలల తరువాత ఎలా కాలుస్తున్నాడో అడిగే మూడో మనిషి కావాలి.

ఆ మూడో మనిషి తార్నాకలోనే ఉన్నాడంటాను. విశ్వవిద్యాలయాన్ని ఆనుకునే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. బియ్యం అమ్మేవాడి మాట, నూనె అమ్మేవాడి మాట పక్కనపెట్టి, దేశం నలుమూలల నుంచి నమూనాలు తెప్పించి కొలిచి, 528 ఆహార పదార్థాల విలువలను 2017లో పట్టికలుగా అచ్చువేసింది. తిండికి ఇంత కొలత ఉన్నప్పుడు జవాను శిక్షణకు ఎందుకుండకూడదు? ఉస్మానియాలో 1929 నాటి ఇంజనీరింగ్ కళాశాల ఉంది, మనస్తత్వశాస్త్ర విభాగం ఉంది, విమానాలకు దారి చూపే ఎలక్ట్రానిక్స్ మీద పరిశోధించే కేంద్రం ఉంది. యంత్రం, మనసు, లెక్క మూడూ తెలిసినవాళ్ళు ఒకే ఆవరణలో నడిచే దూరంలో ఉన్నారు.

చదువులమ్మ గుడిలో ఆయుధాల పనేమిటని అడిగేవారుంటారు. ఆ ప్రశ్నను నేను గౌరవిస్తాను. కానీ ఈ యంత్రాలు కాల్చడమే కాదు, కాల్చకుండా ఆగడమూ నేర్పగలవు. తెర మీద మనిషి చేతిలో ఉన్నది కత్తా, సెల్‌ఫోనా అని అరక్షణంలో తేల్చుకోవాల్సిన పాఠాలు పోలీసులకు ఉంటాయి. అక్కడ యంత్రం నాసిరకమైతే నష్టపోయేది వీధిలో నడిచే మామూలు మనిషి. సైనిక రహస్యాలు అడ్డొస్తాయన్నది మరో మాట. వ్యూహం రహస్యమే కావచ్చు. ఒక జవానుకు గురి కుదరడానికి ఎన్ని గంటలు, ఎన్ని తూటాలు పట్టాయన్న లెక్క రహస్యం కానక్కరలేదు. ప్రజల డబ్బుతో కొనే ప్రతి సిమ్యులేటర్ ఒప్పందంలోనూ, స్వతంత్ర సంస్థ వేసిన ఆ లెక్కను ఒక షరతుగా పెట్టవచ్చు. లింక్ తన యంత్రంతో పాటు పీతను కూడా ఇచ్చాడు, శిష్యుడి దారి దాచకుండా గీసేందుకు. ఇప్పుడు యంత్రాలనే శిష్యులుగా కూర్చోబెట్టి వాటి దారి గీయాలి. ఆ కాగితం విశ్వవిద్యాలయం బల్ల మీద, ఎవరైనా వచ్చి చూడగలిగేలా పరిచి ఉండాలి.