బొమ్మా, ఆటా? తేల్చేది ఒక అంకె

గుర్రంకొండ: తరిగొండ లక్ష్మీనరసింహస్వామి తిరునాళ్ళు వచ్చాయంటే చుట్టుపక్కల పల్లెల పిల్లలకు స్వామి దర్శనం ఎంతో బొమ్మల అంగడీ అంతే. తాళం తిప్పితే పల్టీలు కొట్టే కోతి, బ్యాటరీతో కూత పెట్టే రైలు, మూడు చక్రాల బండి, పేక కట్ట, వైకుంఠపాళి పటం అన్నీ ఒకే పట్టా మీద పక్కపక్కనే వుంటాయి. అంగడివానికి అవన్నీ బొమ్మలే. పిల్లవానికి అవన్నీ ఆడుకొనే వస్తువులే. కాని వాటిలో విదేశం నుంచి ఓడ మీద వచ్చినవి వుంటే, రేవులో వాటిని దించుకొన్ననాడు కస్టమ్స్ అధికారి అట్లా ఒకే కుప్పగా చూడడు. ఇది బొమ్మ, ఇది ఆట, ఇది అచ్చు సరుకు, ఇది సైకిలు అని వేరుచేస్తాడు. నూటికి 20 రూపాయల సుంకమా, 70 రూపాయల సుంకమా అన్నది ఆ వేరుచేయడంలోనే తేలిపోతుంది.

ఎక్కడో రేవులో కాగితం మీద పడే ఆ అంకె తిరునాళ్ళలో తండ్రి జేబు దాకా వస్తుంది. కొయ్యబొమ్మ చేసి బతికే మన పనివాని ఇంటి దాకా కూడా వస్తుంది. అందుకే ఆ లెక్క ఏమిటో పల్లెవాసులు కూడా తెలుసుకోవలసిన అవసరం వుంది.

సుంకరి గుడిసె నుంచి రేవు దాకా

గుర్రంకొండ సీమకు సుంకం కొత్త మాట కాదు. కొండ మీద కోట, కొండ కింద బాట వున్నచోట సరుకు మోసే ఎద్దును ఆపి సుంకం పుచ్చుకోవడం పాతకాలపు రివాజు. 1800లో నిజాం ఈ సీమను దత్తమండలాలలో భాగంగా ఇంగ్లీషు కంపెనీకి అప్పగించిన తరువాత కూడా సాయరు సుంకాలు కొన్నేళ్ళు కొనసాగాయి. మద్రాసు రాజధానిలో ఈ లోపలి సుంకాలను 1844లో ఎత్తివేశారు. ఆనాటి సుంకరి ఎద్దు మీద బరువును చూసేవాడు. నేటి కస్టమ్స్ అధికారి ముందుగా సరుకు పేరు చూస్తాడు. పేరు తప్పితే సుంకం తప్పుతుంది. సుంకం తప్పితే తగాదా మొదలవుతుంది.

సరుకులకు పేర్లు పెట్టడానికి ఒక పెద్ద పట్టిక వున్నది. బ్రస్సెల్స్‌లోని ప్రపంచ కస్టమ్స్ సంస్థ దీనిని నడుపుతున్నది. 1988 జనవరి 1 నుంచి అంతర్జాతీయంగా అమలులో వుంది. మన దేశం అంతకు ముందే, 1986లో, తన కస్టమ్స్ టారిఫ్‌ను ఈ పద్ధతికి మార్చుకొన్నది. ప్రపంచంలోని ప్రతి సరుకుకూ అందులో ఒక అంకె వుంటుంది. మొదటి ఆరు అంకెలు అన్ని దేశాలకూ ఒకటే. మన దేశం మరో రెండు చేర్చి ఎనిమిది చేసుకొన్నది. ఓడలో వచ్చేది ఉల్లిగడ్డ అయినా, ఉక్కుకడ్డీ అయినా ఏదో ఒక అంకె కింద కూర్చోవలసిందే.

95వ అధ్యాయం

ఆ పట్టికలో 95వ అధ్యాయం బొమ్మలకు, ఆటలకు, క్రీడా సామగ్రికి కేటాయించారు. అందులో 9503 అనే శీర్షిక కింద బొమ్మలు, పిల్లలు తొక్కే మూడు చక్రాల బండ్లు, అన్ని రకాల పజిళ్ళు వస్తాయి. 9504 కింద వీడియో ఆటల యంత్రాలు, బల్ల మీద పెట్టి ఆడే ఆటలు, పేక ముక్కలు వస్తాయి. పండుగ అలంకారాలు, గారడీ సామాన్లు 9505 కిందికి పోతాయి.

చూడటానికి సులభంగానే వుంది. చిక్కంతా అంచుల దగ్గర వస్తుంది. మూడు చక్రాల పిల్లల బండి బొమ్మ. అదే పిల్లవాడు రెండేళ్ళు పెరిగి ఎక్కే రెండు చక్రాల చిన్న సైకిలు బొమ్మ కాదు. అది పెద్దల సైకిలుతో పాటు 87వ అధ్యాయానికి పోతుంది. ఒక్క చక్రం తగ్గితే అధ్యాయమే మారిపోయిందన్నమాట.

తెలుగువారికి మరో చిక్కు వుంది. మనకు బొమ్మ అనే మాట ఒక్కటే. ఆడుకొనేదీ బొమ్మే, కొలువులో పెట్టేదీ బొమ్మే, పుస్తకంలో గీసిందీ బొమ్మే. పట్టికలో మాత్రం ఇవి మూడు దారులు. ఆడుకొనేది 9503. అలంకారం కోసం పెట్టే కొయ్య విగ్రహమైతే 4420, కాల్చిన మట్టి విగ్రహమైతే 6913. గీసిన బొమ్మ 49వ అధ్యాయంలోని అచ్చు సరుకు. మన ఇండ్లలో ఒక్క బొమ్మల కొలువు మెట్ల మీద వుండే సరుకు ఆ పట్టికలో నాలుగు చోట్ల పంచుకొని కూర్చుంటుంది.

పేరులో 50 రూపాయలు

ఒకప్పుడు ఈ తేడాను ఎవరూ అంతగా పట్టించుకోలేదు. 2018 బడ్జెట్‌లో బొమ్మల శీర్షిక మీదా, ఆటల శీర్షిక మీదా మూల సుంకాన్ని 10 శాతం నుంచి 20 శాతానికి పెంచారు. అప్పటికి రెండూ సమానమే. 2020 ఫిబ్రవరి బడ్జెట్‌లో 9503 బొమ్మల మీద సుంకం ఒక్కసారిగా 60 శాతమయింది. 2023లో 70 శాతానికి పెరిగింది. ఎలక్ట్రానిక్ బొమ్మల విడిభాగాలకు మాత్రం వేరే రేటు పెట్టారు. 9504 ఆటలను ఈ రెండు పెంపులూ తాకలేదు.

దీని ఫలితం ఏమిటో చిన్న లెక్కతో చూడవచ్చు. 100 రూపాయల విలువైన ఒక పెట్టె రేవుకు వచ్చింది. లోపల అట్టముక్కలు వున్నాయి. వాటిని కలిపితే ఒక చిత్రం వస్తుంది అనుకొంటే అది పజిలు, మూల సుంకం 70 రూపాయలు. అవే అట్టముక్కలతో నలుగురు కూర్చుని పంచుకొని గెలుపోటములు తేల్చుకొంటారు అనుకొంటే అది ఆట, సుంకం 20 రూపాయలు. జీఎస్‌టీ ఆపైన పడుతుంది. అదీ వట్టి వెల మీద కాదు, సుంకం కలిపిన మొత్తం మీద. ఒకే అట్ట, ఒకే అచ్చు. తేడా పెట్టె మీది పేరులోనూ, లోపలి ఆట తీరులోనూ వున్నది.

బొమ్మల చీట్ల కట్టలది కూడా ఇదే చిక్కు. చీట్ల మీద వీరుల బొమ్మలు, వారి బలం అంకెలు వుంటాయి. వాటితో ఆడటానికి నియమాలు వుంటే పేక ముక్కల వరుసలోకి వస్తాయా? కేవలం పోగు చేసి దాచుకొనేవైతే అచ్చు సరుకా? అక్షరాలు నేర్పే చీట్లు బొమ్మలా, చదువు సామానా? ఇటువంటి ప్రశ్నలు అధికారి బల్ల మీదికి వస్తూనే వుంటాయి.

స్క్రాబుల్ తగాదా

ఇటువంటి తగాదా ఒకటి మన సుప్రీంకోర్టు దాకా పోయింది. అక్షరాల బిళ్ళలను పలక మీద పేర్చి ఇంగ్లీషు మాటలు కట్టే స్క్రాబుల్ ఆటను మన దేశంలో తయారుచేసిన ప్లెజంటైమ్ ప్రోడక్ట్స్ సంస్థకూ, ముంబయి సెంట్రల్ ఎక్సైజు శాఖకూ నడిచిన వివాదమది. ఎక్సైజు పట్టిక కూడా ఇదే అధ్యాయాల మీద కట్టినది కావడంతో ప్రశ్న అదే అయింది. అది 9503లోని పజిలు అని సంస్థ వాదించింది. 9504లోని ఆట అని శాఖ పట్టుబట్టింది. 2009 నవంబరులో సుప్రీంకోర్టు శాఖ వాదనే సరి అని తీర్పు చెప్పింది. పజిలుకు జవాబు ముందే ఖాయమై వుంటుంది. దాన్ని ఒక్కడే కూర్చుని విప్పవచ్చు. స్క్రాబుల్‌కు అటువంటి ఖాయమైన జవాబు లేదు. ఆటగాళ్ళు పోటీపడతారు, పాయింట్లు లెక్కపెడతారు, ఒకరు గెలుస్తారు. కనుక అది ఆటే.

ఇందులో మరో విశేషం వున్నది. ఆనాడు పజిలు అనిపించుకొంటే లాభమని సంస్థ వాదించింది. 2020 తరువాత దిగుమతిదారుకు ఆట అనిపించుకోవడమే లాభం. రేటు తిరగబడితే వాదం కూడా తిరగబడుతుంది. వస్తువు మాత్రం ఉన్నదున్నట్లే వుంటుంది.

అమెరికాలో ఇంకా వింత తగాదా జరిగింది. అక్కడ మనిషి రూపం బొమ్మకు 12 శాతం, ఇతర జీవుల బొమ్మలకు 6.8 శాతం సుంకం వుండేది. టాయ్ బిజ్ అనే కంపెనీ తాను దిగుమతి చేసిన ఎక్స్-మెన్ కథల వీరుల బొమ్మలు మనుషులవి కావని వాదించింది. 2003లో న్యూయార్కులోని అంతర్జాతీయ వాణిజ్య కోర్టు జడ్జి జూడిత్ బార్జిలే ఆ వాదాన్ని అంగీకరించారు. గోళ్ళు, తోకలు, వింత శక్తులు వున్నవారు మనుషులు కారని తేలింది. కథలో మాత్రం ఆ వీరులు తామూ మనుషులమేనని చెప్పుకోవడానికే పోరాడతారు. 2007లో అంతర్జాతీయ పట్టికను సవరించి అన్ని రకాల బొమ్మలనూ ఒకే 9503 కిందికి తెచ్చిన తరువాత అటువంటి వాదాలకు చోటు తగ్గింది.

పేకకు రెండు కొలతలు

పేక ముక్కల విషయంలో పల్లెల్లో ఒక పొరపాటు అభిప్రాయం వుంది. రమ్మీ నేర్పుతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు 1967లో చెప్పిన సంగతి చాలామందికి తెలుసు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసులో ఆ తీర్పు వచ్చింది. మూడు ముక్కలాట మాత్రం కేవలం అదృష్టమేనని అందులోనే చెప్పారు. అయితే అది జూద నిషేధ చట్టానికి సంబంధించిన కొలత. కస్టమ్స్ పట్టికకు నేర్పుతోనూ, అదృష్టంతోనూ పనిలేదు. ఆసు నుంచి రాజు దాకా 52 ముక్కల కట్ట రమ్మీకి వాడినా, మూడు ముక్కలాటకు వాడినా అది 9504 కిందికే వస్తుంది. ఒక చట్టంలోని పేరు మరో చట్టంలో చెల్లదు.

తెల్లవారేది ఎక్కడ?

2011 నుంచి దిగుమతిదారే తన సరుకు ఏ అంకె కిందికి వస్తుందో రాసి, సుంకం తానే లెక్కకట్టే పద్ధతి వచ్చింది. అధికారికి అనుమానం వస్తే ఆపి తనిఖీ చేస్తాడు. తక్కువ సుంకం పడే పేరు రాసి బయటపడదామనుకొనేవారు లేకపోలేదు. పట్టుబడితే తప్పిన సుంకం, వడ్డీ, జరిమానా కలిసి మీద పడతాయి. రాత్రంతా చుట్టుదారిన నడిచి సుంకరి గుడిసె ముందే తెల్లారినట్లు అవుతుంది.

నిజంగా అనుమానం వున్నవారికి మంచి దారి కూడా వుంది. సరుకు తెప్పించక ముందే అది ఏ శీర్షిక కిందికి వస్తుందో అడిగి తెలుసుకోవడానికి ఢిల్లీలో, ముంబయిలో ముందస్తు తీర్పు ఇచ్చే అధికార సంస్థలు 2021 నుంచి పనిచేస్తున్నాయి. తగాదా వస్తే కమిషనరుకు అప్పీలు, అక్కడి నుంచి ట్రిబ్యునలు. సుంకం రేటు మీది తగాదాలు ట్రిబ్యునలు నుంచి నేరుగా సుప్రీంకోర్టుకే పోతాయి.

పనివానికి గోడ, తండ్రికి భారం

ఇంత సుంకం ఎందుకు పెట్టినట్లు? దేశంలో బొమ్మల తయారీని నిలబెట్టడానికే అని ప్రభుత్వం చెప్పింది. భద్రత మరో కారణం. దిగుమతి బొమ్మలలో నూటికి 67 దాకా భద్రతా పరీక్షలలో తప్పాయని క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2019లో తేల్చింది. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ళ లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తును తప్పనిసరి చేశారు. ప్రభుత్వ లెక్కల ప్రకారం 2018-19లో 37.1 కోట్ల డాలర్లున్న బొమ్మల దిగుమతి 2021-22 నాటికి 11 కోట్ల డాలర్లకు పడిపోయింది.

ఈ గోడ చాటున మన పనివారికి కొంత నీడ దొరికింది. తెల్ల పొణికి కొయ్యతో కొండపల్లి బొమ్మలు, అంకుడు కొయ్య మీద లక్క, చెట్ల రంగులు పూసి ఏటికొప్పాక బొమ్మలు చేస్తారు. మన సరిహద్దు అవతల కర్ణాటకలో చన్నపట్నం బొమ్మలు పేరుపొందాయి. హస్తకళాకారులుగా నమోదైనవారికి, భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలు చేసే నమోదిత పనివారికి ఐఎస్ఐ నిబంధన నుంచి 2020 డిసెంబరులోనే మినహాయింపు ఇచ్చారు. అయితే సుంకం గోడ ఒక్కటే కొయ్యబొమ్మను అమ్మిపెట్టదు. ప్లాస్టిక్ బొమ్మ దేశంలోనే తయారై వస్తే దాని మీద దిగుమతి సుంకం వుండదు కదా. మరోవైపు పెరిగిన సుంకం చివరకు కొనేవాని మీదనే పడుతుంది. కూలి డబ్బుతో తిరునాళ్ళకు వచ్చిన తండ్రికి ఆ భారం తక్కువది కాదు.

కొనేవారు చూడవలసినవి

పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, గరిష్ఠ చిల్లర ధర వుండాలి. ఐఎస్ఐ గుర్తుతో పాటు లైసెన్సు నంబరు కూడా వుండాలి. ఆ నంబరు నిజమైనదో కాదో సెల్‌ఫోనులో బీఐఎస్ కేర్ యాప్ ద్వారా చూసుకోవచ్చు. చంటిపిల్లలు నోట్లో పెట్టుకొనే బొమ్మల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఐఎస్ఐ గుర్తు లేకుండా కొయ్యబొమ్మ కొంటే అది నమోదైన పనివాని చేతి పనేనా అని అడిగి తెలుసుకోవడం మంచిది.

పట్టా మీది కోతికి, రైలుకు, పేక కట్టకు తేడా తరిగొండ వీధిలోని పిల్లవానికి అక్కరలేదు. వాడు చేయి చాపి అడిగేది ఒక్కటే మాట, బొమ్మ. ఆ మాటను రేవులో ఎన్ని ముక్కలు చేసినా ఆ ముక్కలన్నీ మళ్ళీ కలిసేది అంగడివాడు చెప్పే ధరలోనే. అందుకే జేబులో చేయి పెట్టేముందు తండ్రి ఆ పెట్టెను ఒకసారి వెనక్కు తిప్పి చదవడం మేలు.