రెండో పంపు ఎందుకు?

పిల్లలూ! "నీరు పల్లమెరుగు" అని పెద్దలు అంటూంటారు గదా. పెట్రోలు సంగతీ అంతే. రెక్కలు పైన ఉండే చిన్న విమానాలు చాలావాటిలో, రెక్కలలోని టాంకుల నుంచి పెట్రోలు దానంతట అదే ఇంజనులోకి దిగివస్తుంది. రెక్కలు కింద ఉంటే టాంకులు ఇంజనుకన్న పల్లంలో ఉంటాయి. అప్పుడు పెట్రోలును పైకి తోడటానికి పంపు తప్పదు.

అమెరికాలో చిన్న విమానాన్ని ఇంటి షెడ్డులోనే స్వయంగా కట్టుకునేవారు వేలమంది ఉన్నారు. వారికోసం పాల్ పోబెరెజ్నీ అనే ఆయన 1953లో మిల్వాకీ నగరంలో ఒక సంఘం కూడా స్థాపించాడు. పంపు ఎక్కడ బిగించాలో, దాని తీగె దేనికి కలపాలో ఆలోచించే బాధ్యత కట్టుకునేవారిదే.

కారు దారిలో ఆగితే పక్కకు నెట్టి బాగుచేసుకోవచ్చు. ఆకాశంలో ఆ వీలేదీ? అందుకే రెండు పంపులు పెడతారు. సాధారణంగా ఒకటి ఇంజనుతో పాటే తిరుగుతుంది. రెండోది కరెంటుతో నడుస్తుంది. విమానం లేచేటప్పుడూ, దిగేటప్పుడూ రెండిటినీ కలిపి నడుపుతారు. నేలకు దగ్గరగా ఉండగా ఒకటి ఆగిపోతే, రెండోదాని స్విచ్చి వెతికి వేసే వ్యవధి ఉండదు మరి!

ఆస్ట్రియాలో తయారయే రొటాక్స్ 912 ఐఎస్ ఇంజనుకు రెండూ కరెంటు పంపులే. ఇలాటిచోట ఒక చిక్కు ఉంది. రెండు తీగెలనూ ఒకే ఫ్యూజుకు కలిపారనుకోండి. ఆ ఫ్యూజు కాలిందంటే రెండు పంపులూ ఒక్కసారే ఆగుతాయి! రెండున్నా ఒకటి ఉన్నట్టే లెక్క. కనక దేని స్విచ్చి దానికి, దేని ఫ్యూజు దానికి వేరుగా ఉండాలి. ఆగిన పంపు గుండా పెట్రోలు వెనక్కు పోకుండా, ఒకవైపే తెరుచుకునే కవాటాలు కూడా ఉండాలి.

ఇంకో జాగ్రత్త ఉంది. రెండూ కలిసి నడుస్తూంటే, ఒకటి పాడైనా వెంటనే తెలియకపోవచ్చు. అందువల్ల బయలుదేరేముందు ఒకదాన్ని ఆపి రెండోదాన్నీ, తరవాత దాన్ని ఆపి మొదటిదాన్నీ నడిపి, పెట్రోలు ఒత్తిడి సరిగా ఉన్నదో లేదో చూస్తారు.

మీ ఇంటి తాళానికి రెండు చెవులున్నాయా? అవి రెండూ ఒకే గుత్తిలో లేవు గదా? ఒకసారి చూడండి. ఎప్పుడూ వాడని ఆ రెండో చెవి తాళాన్ని నిజంగా తీస్తుందో లేదో, అది కూడా చూడండి!