కుండీలో రబ్బరు మొక్క, రోడ్డు పక్కన మర్రి

తెలంగాణలో బీజాపూర్ రోడ్డుగా పేరుపడిన 163వ నంబరు జాతీయ రహదారిపై, అప్పా కూడలి నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ వరకు సాగే సుమారు 46 కిలోమీటర్ల దారి వెంట దాదాపు 900 మర్రిచెట్లు ఉన్నాయి. ఆ దారిని నాలుగు వరుసలుగా విస్తరించే పథకంపై వివాదం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లగా, అడ్డొచ్చే చెట్లను వేళ్లతో సహా పెకలించి మరోచోట నాటవచ్చునన్న పరిష్కారం తరచూ వినిపించింది. అది ఎంతవరకు సాధ్యమో గ్రహించడానికి ఇంటి వరండాలో కుండీ మార్చేటప్పుడు మొక్కకు ఏమవుతుందో తెలుసుకోవడం మంచి దారి. కుండీల్లో పెంచే రబ్బరు మొక్క, బెంజమినా రెండూ మర్రి, రావి, మేడి చేరిన ఫైకస్ ప్రజాతికే చెందుతాయి.

కుండీలో పెరిగే మొక్క వేళ్లు గోడకు తగిలి, వెళ్లడానికి చోటులేక, లోపలే చుట్టలు చుట్టుకుంటాయి. అడుగు రంధ్రాల్లోంచి వేళ్లు బయటికి రావడం, పోసిన నీరు మట్టిలో నిలవకుండా వెంటనే కారిపోవడం, కొత్త ఆకులు చిన్నవవడం కుండీ చాలడం లేదనడానికి గుర్తులు. అలాంటి మొక్కను మార్చేటప్పుడు మొదట దెబ్బతినేవి కంటికి కనిపించే లావు వేళ్లు కావు, వేరు కొసలకు కొద్దిగా వెనుక నూగులా ఉండే మూలకేశాలు. ఒక్కొక్కటి ఒకే కణం పొడిగింపు. మట్టి రేణువుల నడుమ దూరి నీటిని, లవణాలను పీల్చుకునే పని ఎక్కువగా వీటిదే. అమెరికన్ వృక్షశాస్త్రవేత్త హోవర్డ్ డిట్మర్ ఒక పెట్టెలో నాలుగు నెలలు పెరిగిన ఒకే ఒక్క రై ధాన్యపు మొక్క వేళ్లను కొలిచి 1937లో ప్రకటించిన లెక్కల ప్రకారం, వేళ్ల మొత్తం పొడవు సుమారు 620 కిలోమీటర్లు, మూలకేశాల సంఖ్య దాదాపు 1,400 కోట్లు, వాటి పొడవు 10 వేల కిలోమీటర్లకు పైగా ఉన్నాయి. మట్టి గడ్డను విదిలించి, వేళ్లను కడిగి నాటేవారు ఎంత సంపదను పారబోస్తున్నారో ఈ లెక్క చెబుతుంది. వేళ్లు తెగినా ఆకులు నీటిని ఆవిరిగా వదలడం, అంటే బాష్పోత్సేకం, ఆగదు కాబట్టి రాబడి తగ్గి ఖర్చు మిగిలిన మొక్క వాడిపోతుంది. బెంజమినా అయితే ఆకులు రాల్చేస్తుంది.

అందుకే కుండీ మార్చే పద్ధతి అంతా మూలకేశాలను కాపాడుకోవడం చుట్టూ తిరుగుతుంది. ముందురోజు నీరు పోస్తే మట్టి గడ్డ విడిపోకుండా వస్తుంది. గట్టిగా చుట్టుకున్న వేళ్లను మాత్రం వేలితో వదులు చేయాలి, లేకపోతే కొత్త కుండీలోనూ అవి పాత చుట్టలోనే తిరుగుతాయి. కొత్త కుండీ పాతదానికన్నా రెండు అంగుళాలు వెడల్పుంటే చాలు. మరీ పెద్ద కుండీలో వేళ్లు చేరని మట్టి రోజుల తరబడి తడిగానే ఉండి, గాలి అందక వేరుకుళ్లు పట్టుకుంటుంది. అడుగున గులకరాళ్లు పోస్తే నీరు బాగా దిగుతుందన్న నమ్మకం సరికాదు. సన్నని మట్టి రాళ్ల పొరను తాకేచోట నీరు నిలిచిపోతుంది. తెలంగాణలో దొరికే ఎర్ర చల్క మట్టికి మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపితే తడి, గాలి రెండూ నిలుస్తాయి, నల్లరేగడి ఒక్కటే అయితే ఎండినప్పుడు బిగుసుకుంటుంది. తొలకరి తర్వాతి వారాలు ఈ పనికి అనువైనవి. కాండం పాత లోతులోనే ఉండాలి, కొన్నాళ్లు నీడలో ఉంచాలి, కొత్త వేళ్లు వచ్చేదాకా ఎరువు వేయరాదు.

ఇదే సూత్రం మర్రికి వర్తించినప్పుడు కష్టం ఎన్నో రెట్లవుతుంది. కుండీ మొక్క తన వేళ్లన్నిటినీ వెంట తీసుకువెళ్తుంది. దశాబ్దాల మర్రి వేళ్లు కొమ్మల నీడను దాటి దూరం పరుచుకుంటాయి, అందులో పీల్చుకునే వేళ్లు ఎక్కువగా పై మీటరు మట్టిలోనే ఉంటాయి, క్రేన్ ఎత్తగలిగే మట్టి గడ్డలో వాటిలో కొద్ది భాగమే ఇముడుతుంది. ఆ నష్టానికి సరిపడేలా కొమ్మలు నరికితే చెట్టు మోడుగా మారుతుంది. కొమ్మ నుంచి ఊడలు దించి వేళ్లూనగల మర్రికి బతికే శక్తి ఇతర చెట్లకన్నా ఎక్కువే, కానీ ఆ శక్తిని చూసి తరలింపును చెట్టును ఉన్నచోటే ఉంచడంతో సమానంగా భావించడం పొరపాటు. బతికిన మోడు పక్షులకు, గబ్బిలాలకు, మర్రిపండులోనే పుట్టి పెరిగే కందిరీగ జాతి సూక్ష్మ కీటకాలకు పాత చెట్టు ఇచ్చిన ఆశ్రయాన్ని మళ్లీ ఇవ్వడానికి ఏళ్లు పడుతుంది. రోడ్డు గీతనే పక్కకు జరిపి చెట్టును ఉన్నచోటే ఉంచగలిగిన ప్రతిచోటా ఆ పని చేయడమే శాస్త్రీయం. తరలింపు తప్పనిచోట చెట్టు చుట్టూ కందకాన్ని ఒకేసారి కాక విడతలుగా తవ్వి, తెగిన వేళ్ల దగ్గర కొత్త పిల్లవేళ్లు పుట్టేందుకు కొన్ని నెలలు ఆగి, ఆ తర్వాతే ఎత్తాలి; నాటాక కనీసం రెండు మూడు వేసవులు నీరు పోసే బాధ్యతను కాంట్రాక్టులోనే రాసి ఉంచాలి.