మంచం దిగడమూ మందే!

'నువ్వు కదలకు. ఏం కావాలన్నా మేం తెచ్చిస్తాం'... ఇంట్లో ఒకరికి క్యాన్సర్ అని తెలిశాక అందరూ అనే మాట ఇదే. చూడ్డానికి వచ్చిన చుట్టాలూ 'బాగా విశ్రాంతి తీసుకో' అని పదిసార్లు చెప్పి మరీ వెళ్తారు. అంతా ప్రేమతోనే. కానీ నెలల తరబడి మంచానికే పరిమితమైతే కండ కరుగుతుంది, కీళ్లు బిగుసుకుంటాయి. జబ్బు తగ్గినా మనిషి లేవలేని పరిస్థితి వస్తుంది. అందుకే ఆపరేషన్, కీమోథెరపీ, రేడియేషన్‌లకు తోడు ఫిజియోథెరపీ కూడా చికిత్సలో భాగమేనంటోంది వైద్యశాస్త్రం.

చెయ్యి లేస్తేనే...
రొమ్ము క్యాన్సర్‌నే తీసుకోండి. ఆపరేషన్‌లో గడ్డతోపాటు చాలామందికి చంకలోని లింఫు గ్రంథులనూ తీస్తారు. కుట్లు ఊడతాయేమోనన్న భయంతో ఆ చేతిని ఒంటికి అదిమిపెట్టుకుని ఉండిపోతారు. అలా ఉంటే కొద్ది వారాలకే భుజం పట్టేస్తుంది. కొందరికి చంకలోంచి మోచేతి దాకా తీగ లాగినట్టు బిగుసుకుంటుంది. జడ వేసుకోవాలన్నా, దండెం మీద బట్టలు ఆరేయాలన్నా కష్టమే. అంతకుమించిన చిక్కు ఇంకొకటి ఉంది. రొమ్ముకు రేడియేషన్ ఇచ్చేటప్పుడు మామూలుగా చేతిని తలపైకి ఎత్తి, కదలకుండా పడుకోవాలి. చెయ్యి లేవకపోతే అసలు చికిత్సే ఆలస్యం కావచ్చు!

అందుకే తొలిరోజుల్లోనే వేళ్లు ముడిచి తెరవడం, మోచేయి మడిచి చాపడం లాంటివి చేయిస్తారు. తర్వాత డాక్టరు సరేనన్నాక గోడకు ఎదురుగా నిలబడి వేళ్లను మెల్లగా పైకి పాకించడం, కర్రను రెండు చేతులతో పట్టుకుని పైకెత్తడం... ఇలా ఒక్కో మెట్టూ ఎక్కిస్తారు. బ్రిటన్‌లో భుజం సమస్యలు వచ్చే ముప్పు ఎక్కువగా ఉన్న 392 మంది మహిళలపై చేసిన అధ్యయనం ఫలితాలు 2021లో వెలువడ్డాయి. ఆపరేషన్ అయిన వారం పది రోజులకే ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో వ్యాయామాలు మొదలుపెట్టినవారికి ఏడాది తర్వాత చెయ్యి మెరుగ్గా పనిచేసింది. నొప్పీ తక్కువే.

బిందె ఎత్తొద్దా?
లింఫు గ్రంథులు తీసేశాక కొందరికి చెయ్యి వాచిపోతుంది. అందుకని 'జన్మలో బరువెత్తొద్దు' అని చెప్పేవారు ఒకప్పుడు. ఆ భయాన్ని పోగొట్టింది 2009లో వెలువడిన ఓ అమెరికా పరిశోధన. అప్పటికే చెయ్యి వాచిన 141 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుతో బిగుతు తొడుగు వేయించి, చాలా తక్కువతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా బరువులు ఎత్తించారు. వాపు పెరగలేదు సరికదా, సమస్య ముదిరినవారు ఈ జట్టులో 14 శాతమే. బరువులు ఎత్తనివారిలో 29 శాతం! అలాగని ఒక్కసారిగా నీళ్లబిందె ఎత్తేయమని కాదు. అలవాటు చేసుకుంటూ పెంచాలన్నమాట.

మూడు వేళ్ల పరీక్ష
గుట్కా, ఖైనీ, చుట్ట... వీటి పుణ్యమా అని మన దగ్గర నోటి క్యాన్సర్లు ఎక్కువ. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డచుట్ట సంగతి తెలిసిందే. ఇలాంటి క్యాన్సర్లకు ఆపరేషన్, రేడియేషన్ అయ్యాక దవడ కండరాలు బిగుసుకుని నోరు తెరుచుకోదు. ముద్ద పట్టదు. బ్రష్షు దూరదు. జబ్బు మళ్లీ వచ్చిందేమో చూద్దామన్నా డాక్టరుకు లోపల కనిపించదు.

మూడు వేళ్లు నిలువుగా పళ్ల మధ్య పడుతున్నాయా? ఇంట్లో చేసుకోదగ్గ తేలికపాటి పరీక్ష ఇది. పట్టడం లేదంటే వెంటనే చెప్పాలి. నోరు తెరవడం, మూయడం, దవడను అటూ ఇటూ జరపడం, పళ్ల మధ్య చెక్కపుల్లలు పేర్చి ఒక్కోటీ పెంచుకుంటూ పోవడం... ఇవీ వ్యాయామాలు. రేడియేషన్ ముగిసిన చాలా నెలల తర్వాత కూడా కండరాలు బిగుసుకోవచ్చు. కాబట్టి మధ్యలో మానేయకూడదు.

నడిస్తే నీరసం తగ్గుతుందా?
తగ్గుతుంది! క్యాన్సర్ చికిత్సలో వచ్చే అలసట నిద్రపోతే పోయేది కాదు. వారానికి మూడుసార్లు, అరగంట చొప్పున ఓ మోస్తరు వేగంతో నడక లాంటి వ్యాయామాలు దాన్ని తగ్గిస్తాయని 2019లో అంతర్జాతీయ నిపుణుల బృందం తేల్చింది. మొదటిరోజే అరగంట అక్కర్లేదు. వరండాలో ఐదు నిమిషాలతో మొదలుపెట్టొచ్చు. మాట్లాడగలిగేలా, పాట మాత్రం పాడలేనట్టుగా ఉండాలి ఆయాసం.

అన్నిటికన్నా పెద్ద కబురు 2025లో వచ్చింది. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో పూర్తయిన 889 మందిపై చేసిన అధ్యయనమది. ఎక్కువమంది కెనడా, ఆస్ట్రేలియాల్లోని రోగులు. సగం మందికి వ్యాయామం గురించిన పుస్తకాలిచ్చి ఊరుకున్నారు. మిగతా సగం మందికి మూడేళ్లపాటు శిక్షకులు వెన్నంటి ఉండి వ్యాయామం చేయించారు. ఎనిమిదేళ్ల నాటికి బతికున్నవారు మొదటి జట్టులో 83 శాతం, రెండో జట్టులో 90 శాతం. వ్యాయామం మందులకు బదులు కాదు. కానీ మందులకు తోడైతే ప్రాణాలు నిలబెట్టగలదని రుజువైంది.

ఇవి మరవొద్దు
* క్యాన్సర్ ఎముకలకు పాకితే వంగడం, మెలితిరగడం, బరువులెత్తడం సొంతంగా చేయకూడదు.
* జ్వరం ఉన్నా, ప్లేట్‌లెట్లు లేదా హిమోగ్లోబిన్ బాగా పడిపోయినా డాక్టరును అడిగాకే.
* ఒక కాలే ఉన్నట్టుండి వాచినా, ఛాతీలో నొప్పి, ఊపిరి ఆడకపోవడం లాంటివి ఉన్నా వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి.
* చెయ్యి వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే ఆలస్యం చేయొద్దు.

ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు 'ఏం తినాలి, ఏం తినకూడదు' అన్న ప్రశ్నతోపాటు 'ఏ వ్యాయామాలు చేయొచ్చు, ఎప్పటినుంచి' అనీ అడగండి. వీలైతే చికిత్స మొదలవకముందే ఫిజియోథెరపిస్టును కలవండి. భుజం పట్టేశాక వదిలించుకోవడం కన్నా పట్టేయకుండా చూసుకోవడం ఎంతో తేలిక.