నివురు గప్పిన నక్షత్రాలు

శ్రీరాంపూర్‌లో మొదటి షిఫ్టు దిగి వచ్చే తండ్రి కోసం గుమ్మంలో కూర్చున్న పిల్లవాడొకడు నన్ను అడిగాడు: "అయ్యగారూ, మా బాపు బట్టల మసి ఎంత ఉతికినా పోదు. బడిలో పిల్లలు నవ్వుతున్నరు. ఈ మసి ఎక్కడి నుంచి వస్తది?" బొగ్గుబాయి నుంచి అని చెప్పి ఊరుకోలేకపోయాను.

ప్రియ చదువరులారా, మన పొయ్యిలో మంట ఆరి బొగ్గుల మీద బూడిద కమ్ముకుంటే నిప్పు కనబడదు. చేయి చాపితే మాత్రం వేడి తగులుతుంది. కంటికి కనబడని ఆ వేడి కిరణాలనే పరారుణ కిరణాలంటారు. 1800లో విలియం హెర్షెల్ థర్మామీటరుతో వాటిని కనుగొన్నారు.

ముసలివైన కొన్ని నక్షత్రాలు కూడా ఇలాగే నివురు గప్పి ఉంటాయి. వాటి గర్భంలో మూడు హీలియం కేంద్రకాలు కలిసి ఒక కార్బన్ కేంద్రకమవుతుంది. ఆ కార్బన్ పైకి తేలి, బయట చల్లబడి, సన్నని మసియై అంతరిక్షంలోకి వెళ్లిపోతుంది. ఆ మసి నక్షత్రపు వెలుగును మింగి, తాను వేడెక్కి, పరారుణ కిరణాలను విడుస్తుంది. 1969లో శాస్త్రజ్ఞులు ప్రకటించిన ఐఆర్‌సీ+10216 అటువంటిదే. మామూలు టెలిస్కోపుకు అది మసక చుక్క. 5 మైక్రాన్ల పరారుణ కిరణాలలో చూస్తే, సౌరకుటుంబం వెలుపల దానికి మించిన ప్రకాశం లేదు. 2010లో స్పిట్జర్ టెలిస్కోపు సాయంతో మరొక మరణిస్తున్న నక్షత్రం చుట్టూ, 60 కార్బన్ పరమాణువులు బంతిలా కూడిన అణువులను గుర్తించారు.

గాలిలోని నీటి ఆవిరి ఈ కిరణాలను చాలావరకు అడ్డుకుంటుంది. అందుకే టాటా సంస్థవారు (టీఐఎఫ్ఆర్) హైదరాబాదు నుండి బెలూనుకు 1 మీటరు అద్దంగల టెలిస్కోపు కట్టి, సుమారు 30 కిలోమీటర్ల ఎత్తుకు పంపారు. నక్షత్రాలు పుట్టే మేఘాలలో కార్బన్ విడిచే 158 మైక్రాన్ల కిరణాలను జపాను శాస్త్రజ్ఞులతో కలిసి కొలిచారు. పాత నక్షత్రాలు విడిచిన కార్బన్ కొత్తవాటి ఉయ్యాలలో చేరుతుందన్నమాట! ఆ బెలూన్ల పరికరాలు పారాచూట్‌తో పొలాల్లో దిగుతాయి. దొరికితే విప్పకుండా పోలీసులకు తెలియజేయండి.

అటువంటి మేఘం నుండే మన సూర్యుడు, భూమి కలిగాయి. ఆ కార్బన్‌ను గాలి నుండి తీసుకొని పెరిగిన చెట్లు గోదావరి లోయలో పూడిపోయి, 25 కోట్ల ఏండ్లకు పైగా మట్టి కింద నలిగి బొగ్గయ్యాయి. మన రక్తమాంసాలలోనూ అదే కార్బన్ ఉంది.

"మీ బాపు చొక్కా మీది మసి ఈ భూమి కంటె పాతది, బిడ్డా. నవ్వే పిల్లల ఒంట్లోనూ అదే ఉంది" అన్నాను. అయితే ఎంత గొప్పదైనా ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హానిచేస్తుంది. పనిలో మాస్కు మరువకూడదు.

తండ్రి దగ్గుకుంటూ వచ్చాడు. పిల్లవాడు ఎదురెళ్లి టిఫిను డబ్బా అందుకున్నాడు. "బాపూ, మాస్కు పెట్టుకున్నవా?" అని అడిగాడు.