ఎండ్రకాయల వేట

వానకాలమున చెరువు నిండి మత్తడి దూకుట ఓరుగల్లు సీమలోని పల్లెలకు పండుగవంటిది. ఈ సీమ నేలిన కాకతీయులు చెరువు త్రవ్వించుటను గొప్ప ధర్మకార్యముగా నెంచిరి. గణపతిదేవ చక్రవర్తి (1199–1262) కాలమున వెలసిన పాఖాల చెరువు నేటికిని నర్సంపేట ప్రాంతమున వేలాది ఎకరములను తడుపుచున్నది. ఇట్టి పెద్ద చెరువులే గాక ఊరూర చిన్న కుంటలును కలవు. వాని క్రింది వరిమళ్ల గట్లలో ఒక వింతజీవి కాపురముండును. అదియే ఎండ్రకాయ. కోస్తావారు దీనిని పీత యందురు. సంస్కృతమున దీనికి కర్కటకమని పేరు. పన్నెండు రాశులలో నొకటి దీని పేరనే వెలసినది.

నాట్లు ముగిసి పనులు కొంత తెరపి యిచ్చిన నాడు కుటుంబమంతయు చెరువు దిగువకు బయలుదేరును. తాత చేత కర్ర, తల్లి నెత్తిన సద్దిమూట, తండ్రి చంకన బుట్ట, పిల్లల చేతులలో దారము కట్టిన పుల్లలు ఉండును. దారపు కొసన వానపామునో, చిన్న మాంసపు ముక్కనో కట్టి బొరియ యెదుట నీటిలోనికి జారవిడుతురు. వాసన సోకగానే ఎండ్రకాయ వచ్చి ఎరను గట్టిగా పట్టుకొనును. దొరికిన తిండిని వదలకుండుటయే దాని గుణము. దారమును మెల్లగా లాగినచో ఎరతోపాటు అదియు పైకి వచ్చును. తొందరపడి గుంజినవానికి వట్టి దారమే మిగులును.

పట్టుటకును ఒక పద్ధతి కలదు. ఎండ్రకాయకు పది కాళ్లు. ముందరి రెండును పట్టుకారులవలె నుండును. అవి తిండికిని, పోరుకును ఆయుధములు. మిగిలిన ఎనిమిది కాళ్లును నడచుటకు. వాని కీళ్లు ప్రక్కలకు వంగుటకే అనువుగా నున్నందున అది అడ్డముగా పరుగెత్తును. వెనుకనుండి వీపు చిప్పను బొటనవ్రేలితోను చూపుడువ్రేలితోను అదిమి పట్టినచో పట్టుకారులు చేతికి అందవు. కాలు పట్టి లాగినచో అది ఆ కాలును అచ్చటనే తెంపుకొని పారిపోవును. తెగిన చోట చిన్న మొలక పుట్టి, కొన్నాళ్లకు క్రొత్త కాలుగా ఎదుగును.

బొరియలో చేయి పెట్టుటకు మాత్రము పెద్దలు ఒప్పుకొనరు. ఎండ్రకాయ విడిచిన బొరియలలో పాములు చేరుట కలదు. వాకిట తడి బురద యుండలు కనబడినచో లోపల ఎండ్రకాయ యున్నదని ఊహింపవచ్చును. అయినను ఆ గురుతును నమ్మి చేయి పెట్టరాదు.

'సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి' అని సామెత. పీత కష్టములు నిజముగా చిన్నవి కావు. దాని వీపు చిప్ప రాయివలె గట్టిది గాని, దేహముతోపాటు పెరుగదు. కావున పెరుగవలసినప్పుడెల్ల ఆ చిప్పను పగులదీసి బయటకు రావలెను. అప్పుడు దాని మేను మెత్తగా నుండును. కొంగ కంటబడినను, తోటి ఎండ్రకాయ కంటబడినను ప్రాణము దక్కదు. క్రొత్త చిప్ప గట్టిపడువరకు అది బొరియలో దాగి యుండును. ఎండకాలమున మళ్లు ఎండినప్పుడును తేమ యున్న లోతు బొరియయే దానికి శరణ్యము.

సముద్రపు పీతల గ్రుడ్లనుండి వెలువడు పిల్లలు తల్లి పోలిక లేక నీటిలో తేలుచు, పలు రూపములు మారును. పొలములోని ఎండ్రకాయ అట్లు కాదు. దీని గ్రుడ్లు కొలదిగా, పెద్దవిగా నుండును. తల్లి వానిని కడుపు క్రింది మడతలో మోయును. గ్రుడ్డునుండి వెలువడు పిల్ల చిన్న ఎండ్రకాయయే. పుట్టిన పిదపకూడ కొన్ని దినములు పిల్లలు తల్లి కడుపునే అంటిపెట్టుకొని యుండును. మగదాని కడుపు మడత సన్నము, ఆడుదానిది వెడల్పు. ఈ భేదము చూచియే పెద్దలు ఆడు మగలను గుర్తింతురు.

ఇట్టి తల్లి బుట్టలో పడినచో పిల్లలు సంతోషముతో కేకలు వేయుదురు. అప్పుడు తాత, "బిడ్డా! దాని కడుపు చూడుము. దానిని నీటిలో విడువుము. నేడు దీనిని తిన్నచో వచ్చే యేడు బుట్ట ఖాళీ" యనును. పిల్లవాడు మొదట చిన్నబుచ్చుకొనును. కాని నీటిలో విడిచిన తల్లి అడ్డముగా పరుగెత్తి గట్టు క్రింద దూరుట చూచి నవ్వును.

సాయంకాలమున ఇంట ఎండ్రకాయల పులుసు ఉడుకును. దానిని బాగుగా ఉడికించియే తినవలెను. మంచినీటి ఎండ్రకాయలలో కొన్నిచోట్ల ఊపిరితిత్తులకు హాని చేయు పరాన్నజీవి యుండును. సగము ఉడికినదానిని తిన్నచో అది మానవ దేహమున ప్రవేశించును.

రైతునకు ఎండ్రకాయపై కోపమును కలదు. అది లేత వరిపైరును కొరుకును. గట్టుకు బెజ్జము చేసి మడిలోని నీటిని కారిపోజేయును. అయినను అది కుళ్లిన ఆకులను, చచ్చిన పురుగులను తిని మడిని శుభ్రపరచును. కొంగలకు, నీటిపక్షులకు ఆహారమగును. పురుగును చంపు మందు దానికిని విషమే, ఏలయన కీళ్ల కాళ్లుగల ఈ జీవి పురుగులకు దూరపు చుట్టము. మందులు మితిమీరి చల్లిన మడిలో బొరియలున్నను వాకిట తడి బురద కనబడదు.

చెరువును కాపాడినవాడు పైరునే గాక, ఆ నీటినంటి బ్రదుకు ప్రాణులనెల్ల కాపాడినవాడగును. కావలసినంత పట్టి, తల్లిని విడిచి వచ్చు కుటుంబము మరుసటి వానకాలమునను బుట్టతో చెరువు దిగువకు పోగలదు.