మనలి పోషించిన పాట

ఇవాళ చెన్నై శివారు మనలి అంటే చమురు శుద్ధి కర్మాగారం, ఎరువుల ఫ్యాక్టరీ, లారీల రొద. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో మాత్రం సంగీత విద్వాంసులు వెతుక్కుంటూ వచ్చిన ఊరిది. ఈస్టిండియా కంపెనీ దుబాసీ ముద్దుకృష్ణ మొదలియారు తిరువారూరు నుంచి రామస్వామి దీక్షితులను కుటుంబంతో సహా ఇక్కడికి రప్పించుకున్నారు. కొడుకు వెంకటకృష్ణ మొదలియారూ ఆ ఆదరణ తెగనివ్వలేదు.

టిక్కెట్టు కచేరీలు లేని కాలం. చెవి ఉన్న ఇల్లు ఒక్కటి దొరికితే విద్వాంసుడికి పూట గడిచేది. అంతేనా, తీరిక కూడా దొరికేది! 108 రాగతాళాల తెలుగు మాలిక అల్లాలంటే రామస్వామి దీక్షితులకు ఎంత నిశ్చింత కావాలి?

వెంకటకృష్ణ మొదలియారు దీక్షితుల పిల్లలను సెయింట్ జార్జి కోటకు తీసుకెళ్లేవారు. అక్కడి బ్యాండు మెట్లకే కొడుకు ముత్తుస్వామి సంస్కృత సాహిత్యం కట్టారు, అవే నొట్టుస్వరాలు. తమ్ముడు బాలుస్వామి వయొలిన్ నేర్చి, తర్వాత ఎట్టయపురం ఆస్థానంలో కుదురుకున్నారు.

ఒక్క పోషకుణ్ని నమ్ముకోవడంలో ప్రమాదం లేకపోలేదు: ఆయన కరుణ ఉన్నన్నాళ్లే బతుకు. అయితే ముత్తుస్వామికి శిష్యులూ తోడయ్యారు. నాట్యాచార్యులైన తంజావూరు సోదరులు నలుగురూ ఆయన దగ్గర నేర్చుకున్నవారే.

ముత్తుస్వామి కీర్తనలు కాగితానికెక్కడం వెనకా ఒక అభిమాని పట్టుదలే ఉంది. చిన్నస్వామి మొదలియారు వెంటపడితే, ఎట్టయపురం సంస్థానం ఖర్చు భరిస్తే, బాలుస్వామి మనవడు సుబ్బరామ దీక్షితులు 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ వెలువరించారు. తమిళదేశంలో అచ్చయిన ఆ గ్రంథం లిపి తెలుగు.